నిచ్చెనకూ కిడ్నీకీ చెల్లు

మా ఆయన అరువు తెచ్చుకున్న గొడుగును వానలో విప్పరు. తడిసిన గొడుగు తిరిగి ఇవ్వడం మర్యాద కాదంటారు. ఒకసారి పక్కింటివాళ్ళ గొడుగును చంకలో పెట్టుకుని, నెత్తిన చేతిరుమాలు కప్పుకుని, తడిసి ముద్దయి ఇంటికి వచ్చారు. గొడుగు మాత్రం కొన్ననాటిలా పొడిగా ఉంది. ఆయనకు జలుబు చేస్తే వారం పాటు ఆవిరి పట్టించింది నేను.

ఆయన గ్రంథాలయంలో పనిచేస్తారు. తీసుకెళ్ళిన పుస్తకం తీసుకెళ్ళినట్టే తిరిగి రావాలని వచ్చినవాళ్ళందరికీ చెప్పి చెప్పి, ఆ మాట ఆయనకే ఒంటబట్టింది. పేజీ మూల మడిచినవాణ్ణి ఆయన చూసే చూపు, హత్య చేసినవాణ్ణి జడ్జి కూడా అలా చూడడు.

మా తమ్ముడు దీనికి సరిగ్గా తలకిందులు. వాడు దుకాణాలకు బోర్డులు రాస్తాడు. చెయ్యి మంచిది, మనసు అంతకన్నా మంచిది, కానీ వాడి చేతికి వెళ్ళిన వస్తువు మీద ఆశ వదులుకోవాల్సిందే. నేను బట్టలు కుట్టేదాన్ని, నా కత్తెరలే మూడు పట్టుకుపోయాడు. మా పెళ్ళైన కొత్తలో మా ఆయన ముచ్చటపడి ఒక అల్యూమినియం నిచ్చెన కొనుక్కున్నారు. "రెండు రోజుల్లో తెచ్చేస్తా బావా" అని వాడు దాన్ని భుజాన వేసుకుని వెళ్ళాడు. ఆ రెండు రోజులు ఇంకా గడవలేదు. ఈలోగా మా ఇంటికి రెండుసార్లు రంగులు వేయించాం, రెండుసార్లూ నిచ్చెన అద్దెకు తెచ్చాం.

అప్పటినుంచి వాడు మా గడప తొక్కితే చాలు, మా ఆయన పలకరింపు ఒకటే. "రా రా, కూర్చో. నిచ్చెన ఏదీ?"

మా నాన్న పోయిన రోజున కూడా వాణ్ణి కావలించుకుని ఏడ్చి, కళ్ళద్దాలు తుడుచుకుని, "ఇప్పుడు కాదులే గానీ, ఆ నిచ్చెన..." అన్నారు. నేను చూసిన చూపుకు మిగతా మాట మింగేశారు.

అలాంటి మనిషికి బీపీ చాపకింద నీరులా వచ్చి రెండు కిడ్నీలనూ తినేసింది. వారానికి మూడుసార్లు డయాలసిస్. మిషను రక్తం శుభ్రం చేస్తుంది, బాగానే ఉంది. కానీ ఒంట్లో చేరిన నీరు బయటికి పోయే దారి లేదు కాబట్టి తాగే నీళ్ళకు లెక్క. ఆ లెక్క నా చేతికి వచ్చింది. మంచినీళ్ళ క్యానును నా కుట్టుమిషను పక్కన పెట్టుకున్నాను. ఆయన స్టీలు గ్లాసుకు సగం కన్నా కాస్త కిందుగా గోళ్ళరంగుతో ఎర్రగా గీత పెట్టాను. పొద్దున ఆ గీతదాకా, మధ్యాహ్నం ఆ గీతదాకా, మాత్రలకు రెండు గుక్కలు. మరీ నోరు తడారిపోతే ఒక మంచు ముక్క.

నాలుగేళ్ళు ఈ కాపలా కాశాను. ఎండాకాలం మధ్యాహ్నాల్లో ఆయన వచ్చి క్యానును చూస్తూ నిలబడేవారు. అడిగేవారు కాదు, ఊరికే చూసేవారు. మొగుడు మంచినీళ్ళకు మొహం వాచిపోతుంటే తాళం వేసుకుని కూర్చున్న ఆడదాని బతుకు ఏం బతుకో పగవాళ్ళకు కూడా వద్దు. కుట్టుమిషను తొక్కుతూ ఏడ్చిన రోజులున్నాయి. మిషను చప్పుడులో వినపడదు.

కిడ్నీ మార్పిడి ఒక్కటే దారి అని డాక్టరు చెప్పినప్పుడు, నాదే తీసుకోమన్నాను. రక్తం గ్రూపు కలవలేదు. ఇన్నేళ్ళు కాపురం చేశాక మా ఇద్దరికీ కలవదని కాగితం మీద రాసిచ్చారు. ఆ సంగతి చెబుతుంటే మా తమ్ముడు టీ తాగుతూ విన్నాడు. కప్పు కింద పెట్టి, "నాది చూడమనవే" అన్నాడు, కత్తెర ఇమ్మన్నంత తేలిగ్గా.

చూశారు. అన్నీ కలిశాయి. దాయాది చావు కోరతాడు, బావమరిది బతుకు కోరతాడు అని సామెత ఊరికే రాలేదు. నిచ్చెన విషయంలో తప్ప వాళ్ళిద్దరికీ ఎక్కడా తేడా లేదు.

అడ్డం తిరిగింది మా ఆయనే.

"తిరిగి ఇవ్వలేని వస్తువు నేను తీసుకోను" అన్నారు.

"ప్రాణం మీదికి వస్తే ఈ పద్ధతులేంటండీ?" అన్నాను.

"పద్ధతి ప్రాణం మీదికి వచ్చినప్పుడే తెలుస్తుంది."

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. నేను బతిమాలాను, అలిగాను, అరిచాను. గోడకు చెప్పినట్టే. చివరికి మా తమ్ముడు నవ్వి, "సరే బావా, అరువనుకో. నీ అవసరం తీరాక ఇద్దువుగానీ" అన్నాడు.

మా ఆయన కాసేపు ఆలోచించారు. "అరువంటే సరే" అన్నారు.

వేళాకోళానికి వేళాకోళంగా సరిపోయిందని నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆయన జన్మలో వేళాకోళం ఆడరన్న సంగతి ఆ క్షణాన మర్చిపోయాను.

పరీక్షల కోసం తమ్ముడు మా ఇంట్లోనే దిగాడు. అక్కడ మొదలైంది అసలు తమాషా. వాడు నీళ్ళు తాగడు. బోర్డులు రాసేవాడు పొద్దస్తమానం నిచ్చెన మీద ఉంటాడు. నీళ్ళు తాగితే మాటిమాటికీ దిగాలి, దిగితే చేతిలో రంగు ఆరిపోతుంది. అందుకని వాడు ఏళ్ళతరబడి టీ తప్ప ఇంకేమీ ముట్టుకోకుండా ఒంటిని ఎండబెట్టేశాడు. ఆస్పత్రివాళ్ళు పరీక్షకోసం ఒక రోజంతా మూత్రం పట్టుకురమ్మని పెద్ద డబ్బా ఇస్తే, వాడు అడుగు మాత్రం తడిపి తెచ్చాడు. డాక్టరు దాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, "ఇంతేనా?" అన్నారు. రోజుకు రెండు పెద్ద సీసాల నీళ్ళు తాగించమని నాకు ఆజ్ఞ.

ఇక చూడండి మా భోజనాల బల్ల. ఒక పక్క నీళ్ళు ఇవ్వమని కళ్ళతో బతిమాలే మొగుడు. ఇంకో పక్క నీళ్ళు వద్దని చేతులు జోడించే తమ్ముడు. నేను మధ్యలో నిలబడి ఈయన గ్లాసు లాక్కుని, వాడి గ్లాసు నింపుతూ ఉన్నాను. చూసినవాళ్ళకు పిచ్చిదాన్ననే అనిపించాలి.

అయితే రెండు రోజుల్లో తమ్ముడు దారికి వచ్చాడు. సీసాలు సీసాలు ఖాళీ అవుతున్నాయి. మా ఆయన కూడా నీళ్ళు అడగడం మానేశారు. ముఖంలో ఏదో కళ కూడా వచ్చింది. నా మాటకు ఇంట్లో ఇంత విలువ ఎప్పుడొచ్చిందా అని మురిసిపోయాను.

డయాలసిస్ రోజున తూకం మిషను నా మురిపెం తీర్చింది. నీళ్ళు పోయే దారి లేని మనిషి ఎంత తాగాడో తూకం చెప్పేస్తుంది. నాలుగేళ్ళలో ఎన్నడూ లేనంత బరువు పెరిగారు. కాళ్ళు దిబ్బరొట్టెల్లా ఉబ్బాయి. కళలాగా కనిపించిందంతా నీరే. "ఏమ్మా, ఇంట్లో ఏమైనా ట్యాంకు పెట్టారా?" అంది అక్కడి సిస్టర్.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర చెంచా పడేసినట్టు నటించి బల్ల కిందికి వంగాను. మా తమ్ముడి చేతిలోంచి నిండు గ్లాసు మా ఆయన చేతిలోకి, ఖాళీ గ్లాసు ఇటు. ఒక్క చుక్క తొణకలేదు. నిచ్చెన కోసం ఇన్నేళ్ళు దెప్పుకున్నవాళ్ళు నా కళ్ళుగప్పడానికి వచ్చేసరికి ఒక్కటైపోయారు.

"తోడుదొంగల్లారా!" అన్నాను కిందనుంచే.

ఇద్దరూ తేలు కుట్టిన దొంగల్లా కూర్చున్నారు. మా ఆయన నీళ్ళు నమిలారు. మామూలుగా మాట వరసకు అంటామే, అది కాదు, నోటినిండా ఉన్నాయి నిజంగానే.

"బావ అడిగాడే" అన్నాడు తమ్ముడు.

"నేను అడగలేదు. వాడే ఇచ్చాడు" అన్నారు ఈయన మింగి.

"ఒరేయ్, ఆయన ఊపిరితిత్తుల్లో నీరు చేరితే ప్రాణం పోతుందిరా! నువ్వు ఎండు కిడ్నీ తీసుకెళ్ళి ఎవరికి పెడతావు?"

ఆ మాటతో తమ్ముడి మొహం మాడిపోయింది. ఆ పూట నుంచి వాడు నా ఎదురుగా నిలబడి, నేను చూస్తుండగా, కషాయం తాగినట్టు తాగడం మొదలుపెట్టాడు. పాపం రోజుకు ఎన్నిసార్లు దొడ్డివైపు పరుగెత్తాడో చెప్పలేను. "నిచ్చెన మీద ఉంటే నా పని అయిపోయేదే అక్కా" అనేవాడు. నిచ్చెన మాట వినగానే మా ఆయన తల ఎత్తేవారు.

ఆపరేషన్ ముందు రోజు మత్తు డాక్టరమ్మ వచ్చింది. పొట్టిగా, గట్టిగా, నవ్వకుండా జోకులేసే మనిషి. తమ్ముడి చేతి నరాన్ని నొక్కి చూసి, "ఇప్పుడు బాగుంది. మొదట్లో మిమ్మల్ని చూసినప్పుడు ఎండు చేప అనుకున్నాను" అంది.

నాకు అర్థమయ్యేలా చెప్పమన్నాను. చెప్పింది.

"కడుపులో గాలి నింపి, చిన్న రంధ్రాల్లోంచి ఆపరేషన్ చేస్తారమ్మా. ఆ గాలి కిడ్నీని నొక్కుతుంది. నొక్కితే అది అలిగి పని మానేస్తుంది. అందుకని మొదటినుంచీ సెలైన్ ఎక్కిస్తూ ఉంటాం. మూత్రం బాగా వస్తున్నప్పుడు తీసి అక్కడ పెడితే, కొత్తచోట కూడా తొందరగా పనిలో పడుతుంది."

"అయితే బాగా పోసేయండి డాక్టరమ్మా. బాటిళ్ళు నేను కొనుక్కొస్తాను."

"అందరూ అదే అంటారు. మా సర్జన్ గారు కూడా పొయ్యి పొయ్యి అంటూనే ఉంటారు. ఎక్కువైతే మీ తమ్ముడి ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. తీసుకునేవాడి కోసం ఇచ్చేవాణ్ణి ముంచుతామా? ఇచ్చేవాడూ మనిషేగా. కుళాయి దగ్గర నేను కూర్చుంటాను. ఎంత పొయ్యాలో, ఎక్కడ ఆపాలో నేను చూస్తాను."

ఈవిడ మా బాపతే అనుకున్నాను. నీళ్ళ దగ్గర కాపలా కూర్చున్న ఆడదాని కష్టం ఇంకో ఆడదానికే తెలుస్తుంది. ఆ క్షణం నుంచి నాకు ధైర్యం వచ్చింది.

మర్నాడు ఇద్దరినీ పక్కపక్క గదుల్లోకి తీసుకెళ్ళారు. వెళ్ళేముందు రెండు మంచాలూ నడవలో ఒకదాని పక్కన ఒకటి ఆగాయి. ఏమైనా మంచి మాట చెప్పుకుంటారేమో అని నేను కాస్త వెనక్కి జరిగాను.

"జాగ్రత్తగా తిరిగి రా" అన్నారు మా ఆయన.

"వస్తాలే బావా."

"నిచ్చెనలాగా కాదు."

ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ నేను వరండాలో ఒక కుర్చీ మీద కూర్చుని, చేతిలో ఉన్న చీర కొంగు చివర దారాలన్నీ లాగేశాను. నాకున్న మగదిక్కు ఇద్దరే, ఇద్దరూ ఆ తలుపుల అవతలే. చివరికి మత్తు డాక్టరమ్మ టోపీ తీస్తూ బయటికి వచ్చింది. "తమ్ముడు బాగున్నాడు, ఊపిరి హాయిగా తీసుకుంటున్నాడు. కిడ్నీ తీసేవరకూ చక్కగా పనిచేస్తూనే ఉంది. అక్కడ పెట్టి రక్తం వదలగానే గులాబీ రంగుకు వచ్చి, బల్ల మీదే మూత్రం మొదలుపెట్టింది. సర్జన్ గారి బూట్లు తడిశాయి" అంది.

నేను లేచి ఆవిణ్ణి గట్టిగా పట్టుకుని ఏడ్చాను. పరాయి మొగాడి బూట్లు తడిస్తే అంత సంతోషించిన ఆడదాన్ని నేనొక్కదాన్నేనేమో.

మొదటి రోజుల్లో ఆ కిడ్నీ చేసిన పని ఇంతా అంతా కాదు. మంచానికి వేలాడదీసిన సంచీ నిండడం, సిస్టర్ కొలిచి పారబోయడం, బయటికి ఎంత పోయిందో అంతా సెలైన్‌గా లోపలికి పంపడం. నాలుగేళ్ళుగా చుక్క చూడని ఇంటికి వరద వచ్చినట్టుంది. నాకు ఆ సంచీని చూస్తే కడుపు నిండిపోయేది. కింది అంతస్తు వార్డులో ఉన్న తమ్ముడికి వెళ్ళి చెబితే, వాడు నవ్వబోయి పక్క పట్టుకుని, "నవ్వించకే, కుట్లు లాగుతున్నాయి" అనేవాడు. ఆ కుట్లు నేను చూశాను. పనితనం పరవాలేదు.

సంచీని చూసి కంగారు పడింది మా ఆయన ఒక్కరే.

"ఇలా రాత్రనకా పగలనకా పనిచేస్తుంటే ఇది ఎన్నాళ్ళు మన్నుతుందమ్మా?" అని సిస్టర్‌ను అడిగారు.

"బాగా చూసుకుంటే చాలా ఏళ్ళండీ" అందా పిల్ల.

బాగా చూసుకోవడం అంటే మా ఆయన నిఘంటువులో ఏమిటో ఆ పిల్లకేం తెలుసు!

సెలైన్ తీసేశారు. ఇక నోటితోనే తాగాలి, అదీ బాగా. డాక్టరు ఆ మాట చెబుతుంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంటినుంచి తెచ్చిన ఆయన స్టీలు గ్లాసు, పెద్ద జగ్గు మంచం పక్కన పెట్టాను. జగ్గు నింపి నేను తమ్ముడి దగ్గరికి వెళ్ళేదాన్ని, తిరిగి వచ్చేసరికి జగ్గు ఖాళీ. సిస్టర్ వచ్చి, "నీళ్ళు అయిపోయాయా అంకుల్?" అని అడిగేది. "అయిపోయాయమ్మా" అనేవారు. ఆయన అబద్ధమాడరు. సిస్టర్ రాసుకుని వెళ్ళేది.

మూత్రం తగ్గడం మొదలైంది. మర్నాటికి ఇంకా తగ్గింది. అప్పటిదాకా దిగుతూ వచ్చిన, కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె మళ్ళీ పైకి లేచింది. కిడ్నీ డాక్టరు మొహం గంటు పెట్టుకుని వచ్చారు. "అన్ని నీళ్ళు తాగుతున్నా బయటికి రావట్లేదంటే కిడ్నీ దెబ్బతింటోందేమో. ఒళ్ళు దాన్ని ఒప్పుకోవట్లేదేమో. రేపు సూదితో చిన్న ముక్క తీసి చూద్దాం. అవసరమైతే గట్టి మందులు మొదలుపెడదాం" అన్నారు.

ఆ మాట ఎలా తెలిసిందో తమ్ముడికి తెలిసిపోయింది. నేను కిందికి వెళ్ళేసరికి వాడు మంచం అంచున కూర్చుని గోడకేసి చూస్తున్నాడు. డాక్టర్లు ఇంటికి వెళ్ళచ్చన్నా వాడింకా వెళ్ళలేదు.

"నాది పనికిరాలేదా అక్కా?" అన్నాడు.

వాడు చిన్నప్పుడు కూడా అలా అడగలేదు నన్ను. "నేను నీళ్ళు తాగకుండా దాన్ని ముందే పాడుచేశానేమోనే. నిచ్చెన ఎక్కడం కోసం ఎండబెట్టుకున్నా కదా. ఒక్కసారి, ఒక్క మంచి వస్తువు ఇద్దామనుకున్నా బావకి" అని చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. వాడి తల నిమురుతూ నేనూ ఏడ్చాను. కిడ్నీ పోతే మా ఆయన మళ్ళీ మిషను మీదికి వెళతారు. వీడు జన్మంతా తనది పనికిరాలేదనే దిగులుతో బతుకుతాడు. ఒక్క ఆపరేషన్‌తో ఇద్దరూ పోయినట్టే నాకు.

కళ్ళు తుడుచుకుని పైకి వచ్చాను. డాక్టరు కాగితాలు తిరగేస్తూ సిస్టర్‌తో అంటున్నారు. "తాగిన నీళ్ళు బయటికి రాకపోతే ఒంట్లోనే ఉండాలి కదా. ఈయన బరువు పెరగాల్సింది పోయి తగ్గింది. అదే నాకు అర్థం కావట్లేదు."

నాకు మాత్రం ఒక్కసారిగా అర్థమైంది. ఆ తూకం మిషను ఒకసారి నా ఇంటి దొంగను పట్టిచ్చింది. మళ్ళీ పట్టిస్తోంది.

"ఒక్క పావుగంట ఆగండి డాక్టరుగారూ" అన్నాను.

జగ్గు నిండా నీళ్ళు పెట్టి, తమ్ముడి దగ్గరికి వెళ్ళొస్తానని చెప్పి, బయట తలుపుకున్న గాజు పలక పక్కన నిలబడ్డాను. మా ఆయన అటూ ఇటూ చూశారు. మెల్లగా లేచారు. గ్లాసులో నీళ్ళు పోసుకున్నారు. దాన్ని ఒక్క క్షణం అలా చూశారు, నాలుగేళ్ళు క్యానును చూసినట్టే. ఒక గుక్క, ఒకే ఒక్క గుక్క తాగి, మిగిలినవి వాష్‌బేసిన్ గోడవారగా వంచి, చుక్క చప్పుడు కాకుండా పారబోశారు. గ్రంథాలయంలో పనిచేసే మనిషి, చప్పుడు చేయకుండా ఏదైనా చేయగలరు.

నేను తలుపు తోసిన చప్పుడు మాత్రం అంతస్తంతా వినపడింది.

"ఏం చేస్తున్నారు?"

గ్లాసు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయారు. "అరగదీయడం ఎందుకని..." అన్నారు.

"ఏం అరుగుతుంది?"

"వాడిది. వాడి కిడ్నీ. నీళ్ళు ఎక్కువ తాగితే దానికి ఎక్కువ పని. కొంచెం కొంచెంగా వాడితే కొత్తగా ఉంటుంది కదా."

నేను అరిచిన అరుపులన్నీ ఇక్కడ రాయలేను, మర్యాదగా ఉండదు. ఆ అరుపులకు డాక్టరు వచ్చారు, సిస్టర్ వచ్చింది, చివరికి పక్క పట్టుకుని మెట్లెక్కి మా తమ్ముడూ వచ్చాడు. మూతికి మాస్కు కట్టించి వాణ్ణి లోపలికి రానిచ్చారు. సంగతి విని వాడు బిత్తరపోయాడు.

"దాచుకోడానికా బావా నేనిచ్చింది? బీరువాలో పెట్టుకుంటావా?"

"దాచుకోడానికి కాదురా." మా ఆయన మంచం మీద కూర్చున్నారు. "నీ దగ్గర మిగిలింది ఒకటే. రేపు దానికేమైనా అయితే? నీకు ఇంకా వయసుంది. నేను దీన్ని పెద్దగా వాడకుండా ఉంచితే నీది నీకు తిరిగి ఇచ్చేయచ్చు కదా. అరువే అన్నావుగా."

"మరి నువ్వు?"

"నాకు డయాలసిస్ అలవాటేగా" అన్నారు, నాకు పంచదార లేని టీ అలవాటేగా అన్నట్టు.

సిస్టర్ గోడవైపు తిరిగి ముక్కు తుడుచుకుంది. నాలుగేళ్ళు దాహంతో అల్లాడిన మనిషి, నీళ్ళు ఎదురుగా ఉండి, తాగమని డాక్టర్లు చెబుతుంటే, మా తమ్ముడి కోసం మళ్ళీ నోరు కట్టుకున్నారు. ఆయన్ని కొట్టాలో, కాళ్ళకు దండం పెట్టాలో నాకు తెలియలేదు. రెండూ చేసేదాన్నే, డాక్టరు అడ్డున్నారు.

"కిడ్నీ వాడితే అరగదండీ" అన్నారు డాక్టరు, చిన్నపిల్లాడికి చెప్పినట్టు. "నీళ్ళు లేకపోతేనే ఎండిపోతుంది. మీరు దాచట్లేదు, చంపుతున్నారు. తీసి మళ్ళీ అతనికి పెట్టడం జరిగే పని కాదు."

మా ఆయన మొహం పాలిపోయింది. అయినా పద్ధతి వదలరే! "మరి వాడి రుణం..." అని మొదలుపెట్టారు.

అప్పుడు తమ్ముడు స్టూలు లాక్కుని ఆయన ఎదురుగా కూర్చున్నాడు. "బావా, ఒక మాట. ఆ నిచ్చెన ఎక్కడుందో తెలుసా?"

మా ఆయన అంత బాధలోనూ నిటారుగా కూర్చున్నారు. "ఎక్కడుంది?"

"లేదు. ఎప్పుడో మెట్లు ఊడిపోయాయి. పాత సామాన్లవాడికి వేసేశాను."

"మొత్తం నిచ్చెనే?"

"మొత్తం."

ఆయన నోరు తెరుచుకుంది. ఇన్నేళ్ళు ఆ నిచ్చెన ఎక్కడో ఒక గోడకు ఆనుకుని తనకోసం ఎదురుచూస్తోందనే ఆయన నమ్మకం. కిడ్నీలు పోయాయని చెప్పినప్పుడు కూడా ఆయన మొహం అలా అవలేదు.

"అది నేను తిరిగి ఇవ్వను, ఇవ్వలేను. ఇది నువ్వు తిరిగి ఇవ్వకు, ఇవ్వలేవు" అన్నాడు తమ్ముడు. "దానికీ దీనికీ చెల్లు. నువ్వు నిచ్చెన అడగకు, నేను కిడ్నీ అడగను. సరేనా బావా?"

మా ఆయన చాలాసేపు ఆలోచించారు. ఒక పక్క నిచ్చెన, ఒక పక్క కిడ్నీ, మనసులో తక్కెడ ఊగుతోందని నాకు తెలుస్తూనే ఉంది.

"మంచి నిచ్చెనరా అది" అన్నారు చివరికి.

"ఇదీ మంచిదే బావా."

ఆయన గ్లాసు నా వైపు చాచారు. "పొయ్యి" అన్నారు.

జగ్గు ఎత్తి పోశాను. ఎర్ర గీత దగ్గరికి రాగానే నా చెయ్యి తనంతట తనే ఆగిపోయింది. నేను ఆపలేదు. నాలుగేళ్ళ అలవాటు, అదే ఆగింది.

"నిండా పొయ్యవే" అన్నారు ఆయన మెల్లగా.

గీత దాటించాను. నీళ్ళు గ్లాసు అంచు కూడా దాటి దుప్పటి మీద పడ్డాయి. ఆయన గ్లాసెత్తి గుక్క తిప్పుకోకుండా తాగారు. ఆ గుటకల చప్పుడు విని నాలుగేళ్ళయింది. ఇంకో గ్లాసు. ఇంకోటి. డాక్టరు సెలైన్ కూడా మళ్ళీ తగిలించి, సూది పరీక్ష ఒక రోజు ఆపుదామన్నారు. తమ్ముడు సాయంత్రందాకా ఆ స్టూలు మీదే కూర్చుని, కొత్త బోర్డు ఆరుతుంటే చూసినట్టు సంచీనే చూస్తూ ఉన్నాడు. నిండుతోంది. మర్నాడు రక్తపరీక్ష అంకె దిగింది, ఆ తర్వాత ఇంకా దిగింది, సూది అవసరమే రాలేదు. మత్తు డాక్టరమ్మకు సంగతి తెలిసి, "నేను అంత కష్టపడి తడిపి పంపితే ఈయన ఆరబెడతారా?" అని నవ్వకుండా అడిగి వెళ్ళింది.

ఇంటికి వచ్చాక గ్లాసు మీది గీతను తుడిచేశాను. క్యాను వంటింట్లోకి వెళ్ళిపోయింది. నెల తిరక్కుండా మా తమ్ముడు చూడటానికి వచ్చాడు. వాడి అడుగుల చప్పుడు వినగానే మా ఆయన అలవాటుగా కుర్చీలోంచి ముందుకు వంగారు.

"రా రా, కూర్చో" అన్నారు. నోరు తెరిచే ఉంది. తర్వాతి మాట నాలుక చివరిదాకా వచ్చేసింది, నాకు కనబడుతూనే ఉంది. తమ్ముడు గడప మీదే ఆగి చూస్తున్నాడు.

మా ఆయన ఆ మాట మింగేసి, లేచి, తన గ్లాసు నిండా నీళ్ళు వంచి వాడి చేతికి ఇచ్చారు.

"మంచినీళ్ళు తాగుతావా?" అన్నారు.

వాడు మొత్తం తాగాడు.